తాతి సినిమాల డబ్బా ఇంటికొచ్చాక

తెనాలిలో పదహారేళ్లు వీడియో క్యాసెట్ల షాపు నడిపాను. రోజుకి పది రూపాయల అద్దె, రివైండు చెయ్యకుండా తెచ్చిస్తే ఇంకో రెండు. షాపు మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ప్లేయరు మొరాయించినా, డిస్కు మీద గీతలు పడినా మా వీధివాళ్లు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. అలాంటి నాకే ఒక డబ్బా మూడు వారాలపాటు చుక్కలు చూపించింది. డాలస్‌లో ఉండే మా అమ్మాయి కిందటేడు వస్తూ సూట్‌కేసులో బాదంపప్పు ప్యాకెట్ల మధ్య పెట్టి తెచ్చింది. ఫ్రెంచి కామెడీ దర్శకుడు జాక్ తాతి సినిమాలన్నీ ఒకే సెట్టుగా. మా మనవడు ఆ పేరు చెవిన పడగానే "తాత సినిమాలు" అన్నాడు. ఇంట్లో అదే పేరు ఖాయమైపోయింది.

అలాంటి సెట్టు మీకూ ఎవరైనా తెచ్చిపెడితే, లేదా మీరే కొనాలని మనసు పడితే, నేను తిన్న దెబ్బలు మీరు తినక్కర్లేదు.

ముందు డబ్బాలో ఏముందో చూడండి. అమెరికాలో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీవాళ్లు 2014లో వేసిన సెట్టు ఇది. బ్లూరే అయితే 7 డిస్కులు, డీవీడీ అయితే 12. తాతి జీవితం మొత్తం మీద తీసిన పెద్ద సినిమాలు ఆరే ఆరు. 1949లో మొదటిది, 1974లో ఆఖరిది. వాటితోపాటు ఏడు చిన్న సినిమాలు. మన దగ్గర ఒక్కో హాస్యనటుడు ఏడాదికే అంతకు రెట్టింపు చేసిన రోజులు చూసినవాణ్ణి నేను. ఆరు సినిమాలకి ఇంత పెద్ద డబ్బా ఏమిటా అనుకున్నాను. విప్పాక అర్థమైంది, ఈయన కొన్ని సినిమాల్ని రెండేసి మూడేసి సార్లు చెక్కాడు. ఆ చెక్కుళ్లు చాలావరకు ఇందులో ఉన్నాయి.

ఇక అసలు తలనొప్పి, రీజియను. బ్లూరే కోసం ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా 'ఏ', యూరప్ 'బీ', మన దేశం 'సీ'. డీవీడీ లెక్క వేరు. అమెరికా 1, యూరప్ 2, మనం 5. నాకొచ్చింది 'ఏ' బ్లూరే. మామూలు ప్లేయర్లో పెడితే, ఈ డిస్కు ఇక్కడ ఆడదని నీలం తెర మీద ఒక ముక్క రాసి ఊరుకుంది. సరేనని ఒక షాపుకెళ్లి "అన్ని రీజియన్లూ ఆడేది కావాలి" అని అడిగాను. "అన్నీ ఆడతాయి సార్" అన్నాడు కుర్రాడు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే నీలం తెర. తీరా చూస్తే ఆ మాట డీవీడీల వరకే నిజం. బ్లూరేకి ఆ మిషను కూడా 'సీ' తప్ప ముట్టదు. మార్చమంటే సీలు తీశారు కదా అన్నాడు. పదహారేళ్లు ఇదే వ్యాపారంలో ఉండి కౌంటరు మీద డిస్కు పెట్టించి చూడలేదు చూడండి, ఆ తప్పు నాదే.

కాబట్టి ప్లేయరు కొనడానికి వెళ్లేటప్పుడు డిస్కు సంచిలో వేసుకుని వెళ్లండి. "మల్టీ రీజియనా" అని అడక్కండి, "బ్లూరే ఏ రీజియనైనా ఆడుతుందా" అని అడగండి. అక్కడే పెట్టించి, మెనూ తెర మీదికి వచ్చాకే డబ్బులు తియ్యండి. లండన్‌లోనో ప్యారిస్‌లోనో ఉన్నవాళ్లతో తెప్పించుకుంటే అక్కడి సెట్టు 'బీ' కోవలోది, దానికీ ఇదే గొడవ. డీవీడీ సెట్టయితే కొంచెం తేలిక. చాలా ప్లేయర్లకి రిమోట్‌లో నొక్కే అంకెల వరస ఒకటుంటుంది, దాంతో రీజియను తాళం విడిపోతుంది. కంప్యూటర్లో ఆడించేవాళ్లు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. డీవీడీ డ్రైవులో రీజియను మార్చడానికి ఐదే అవకాశాలు. ఐదోసారి దేనికి మారిస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

ప్లేయరు కుదిరాక టీవీ సంగతి చూడాలి. ఆరింటిలో 'ప్లేటైమ్' అనే సినిమా ఒక్కటే ఇప్పటి వెడల్పు టీవీల్ని దాదాపు నింపుతుంది. మిగతా ఐదూ చదరానికి దగ్గరగా ఉండే పాతకాలపు కొలతలో తీసినవి. తెరకి అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. వాటిని అలాగే వదిలెయ్యాలి. "అంత డబ్బు పోసి టీవీ కొని ఈ నలుపేమిటండీ" అని మా ఆవిడ రిమోట్ అందుకుని జూమ్ నొక్కింది. అప్పుడు నడుస్తున్నది 'మోన్ ఓంక్ల్', అంటే 'మా అంకుల్'. అందులో యూలో అనే ఆయన, అంటే తాతి తనే వేసే పాత్ర, ఒక పాత మేడలో పై గదిలో ఉంటాడు. కెమెరా ఎదురుగా ఆ మేడ మొత్తాన్ని చూపిస్తూ కదలకుండా నిలబడుతుంది. యూలో కింద గుమ్మంలోంచి లోపలికి వెళ్తాడు. ఒక కిటికీలో తల కనిపిస్తుంది, ఇంకో సందులో కాళ్లు. ఎక్కాల్సినవాడు దిగుతాడు, కుడికి పోవాల్సినవాడు ఎడమ పక్క తేలతాడు. గది చేరేసరికి మేడంతా ప్రదక్షిణం అయిపోతుంది. జూమ్ చేస్తే పైన ఆ గదీ పోయింది, కింద గుమ్మమూ పోయింది. మధ్యలో ఒక మనిషి ఊరికే తిరుగుతున్నాడంతే. ఇంక నవ్వెక్కడిది!

తాతి దగ్గర కిటుకంతా ఇదే. ఇదిగో జోకు, నవ్వండి అని మొహం దగ్గరికి కెమెరా తీసుకుపోడు. దూరంగా నిలబెట్టి మొత్తం చూపించి, మీరే వెతుక్కోండి అంటాడు. కాబట్టి టీవీలో 'పిక్చర్ సైజు' అన్నచోట ఒరిజినల్ పెట్టండి. కదలికల్ని నున్నగా చేసే సౌకర్యం ఏ పేరుతో ఉన్నా తీసెయ్యండి, అది ఏ సినిమానైనా సాయంత్రం సీరియల్లా మార్చేస్తుంది. ఫోన్లో చూద్దామనుకుంటే మాత్రం ఈ డబ్బా మీకొద్దు.

బొమ్మకంటే శబ్దం ముఖ్యం. మనవాళ్లకి ఇది కొంచెం కొత్త. మనకి కామెడీ అంటే మాట. పంచి, ప్రాస, ఎదుటివాడి తిట్టు. తాతి సినిమాల్లో మాటలు లేకపోలేదు, కానీ కుర్చీ కిర్రుమన్నంత విలువే వాటిది. సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో 'పుష్పక విమానం' మాటల్లేకుండా తీసి ఒప్పించారు కదా, అది మెచ్చినవాళ్లకి ఇది తొందరగానే పట్టుబడుతుంది. ఈయన ముందు బొమ్మ తీసేసి, తర్వాత కూర్చుని ఒక్కో చప్పుడూ విడిగా అతికించేవాడు. యూలో సెలవుల సినిమాలో హోటలు భోజనాల గదికి ఊగే తలుపు ఒకటుంది. సర్వరు వెళ్లినప్పుడల్లా 'డొంయ్' మంటుంది. తీగ మీటినట్టు. మొదటి పదిసార్లూ చెవికెక్కదు. తర్వాత ఆ చప్పుడు కోసమే ఎదురు చూస్తాం. అందుకని టీవీలోగానీ సౌండ్‌బార్‌లోగానీ 'క్లియర్ వాయిస్', 'నైట్ మోడ్' లాంటివి ఉంటే ఆపండి. అవి మాటని పైకి లేపి చప్పుళ్లని తొక్కేస్తాయి, ఇక్కడ కావాల్సింది దానికి తలకిందులు. ఫ్యాను కూడా తగ్గించండి. మే నెలలో తెనాలిలో ఈ మాట చెప్తే కొడతారని తెలుసు. అందుకే నేను డిసెంబరు దాకా ఆగాను.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో వస్తాయి. నా మాట వింటే ఆపెయ్యండి. కింద అక్షరాలు కనిపిస్తే కన్ను అక్కడికే పోతుంది, పైన మూల జరిగేది తప్పిపోతుంది. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు, ఇంగ్లీషు రాదు. ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది ఆవిడే. నేను అక్షరాలు చదువుకుంటూ వెనకబడ్డాను.

ఏది ముందు చూడాలి అన్నదాంట్లో నేను బోల్తా పడ్డాను. అందరూ గొప్పదన్నారు కదా అని ప్లేటైమ్‌తో మొదలుపెట్టాను. ముప్పావుగంటలో ఇల్లంతా గుర్రు. సినిమా తప్పు కాదు, తినడం రానివాళ్లకి ముందే పీతల కూర వడ్డించినట్టయింది.

'మోన్ ఓంక్ల్' తో మొదలుపెట్టండి. 1958 నాటిది, విదేశీ చిత్రంగా ఆస్కారు కూడా వచ్చింది. ఇంగ్లీషువాళ్లు అంకుల్ అంటే ఎవరి తరఫు అంకులో తేలదు. ఇక్కడ యూలో కథలో ఉండే చిన్న పిల్లాడి తల్లికి స్వయానా అన్నదమ్ముడు. అంటే మేనమామ. ఆ ఒక్క ముక్క చెప్తే మనిళ్లలో కథ సగం చెప్పినట్టే. అక్కాబావలది కొత్త ఫ్యాషను ఇల్లు. అన్నీ మీటల మీద పనిచేస్తాయి, కూర్చోడానికి ఒక్కటీ పనికిరాదు. ముంగిట ఒక రేకు చేప నిలువుగా నోరు తెరుచుకుని ఉంటుంది. గేటు బెల్లు మోగితే ఆవిడ పరిగెత్తి మీట నొక్కుతుంది, చేప నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయి. వచ్చినవాడు భర్తో తమ్ముడో అయితే వెంటనే కట్టేస్తుంది. మనిళ్లలో చుట్టాలొస్తే తప్ప అల్మరా దిగని పింగాణీ కప్పులు లేవూ, అలాగే. మా ఆవిడ ఆ చేపని చూసి నవ్వలేదు. నేను మా కప్పుల వైపు చూశానని కోపం.

అదే సినిమాలో అర నిమిషం ముక్క ఒకటి చెప్తాను, చెవులు రిక్కించి చూడండి. యూలో తన గది కిటికీ తలుపు తెరుస్తాడు. ఎదుటింటి పంజరంలో పిట్ట కూస్తుంది. తలుపు కదిపితే ఆగిపోతుంది. మళ్లీ వెనక్కి జరిపితే కూస్తుంది. అద్దం మీద పడ్డ ఎండ వెళ్లి పిట్ట మీద పడుతోందన్నమాట. ఆయన అది కనిపెట్టి, వెలుగు సరిగ్గా పంజరం మీద పడేలా తలుపు సర్దుకుని మరీ కిందికి దిగుతాడు. ఎవరూ ఏమీ అనరు. మా అత్తగారు మాత్రం "మేనమామంటే వీడేరా" అంది మనవడితో. ఈ డిస్కులోనే ఇంగ్లీషు మాటలతో తీసిన ఇంకో రూపం కూడా ఉంది. దాన్ని తర్వాతెప్పుడో చూసుకోవచ్చు, చూడకపోయినా కొంప మునగదు.

రెండోది సెలవుల సినిమా, 1953లోది. బ్రిటనీ దిగువన సెయింట్ నజైర్ దగ్గర సాన్ మార్క్ అనే సముద్రపు ఊళ్లో తీశారు. మొదలే రైల్వే స్టేషను. మైకులో ఏదో గరగరలాడుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు, జనమంతా మూటాముల్లే పట్టుకుని ఈ ప్లాట్‌ఫారం నుంచి ఆ ప్లాట్‌ఫారానికి ఉరుకుతారు. దీనికి మనవాళ్లకి సబ్‌టైటిల్ కాదు కదా, వివరణే అక్కర్లేదు. డిస్కులో రెండు కూర్పులున్నాయి. 1975లో అమెరికా నుంచి ఒక సొరచేప సినిమా వచ్చి లోకాన్ని భయపెట్టింది కదా, అది వచ్చాక తాతి పాతికేళ్ల నాటి తన సినిమా దగ్గరికి తిరిగి వెళ్లి, అదే ఊళ్లో కొత్తగా కొంచెం తీసి, విరిగి నోరులా మూసుకున్న పడవ సొరచేపలా కనిపించి జనం పారిపోయే ముక్కని 1978లో కలిపాడు. ముందు 1978ది చూడండి. పాతదాంట్లో ఏం లేదో అప్పుడు తెలుస్తుంది. నిదానం ఇష్టమైనవాళ్లకి పాతదే నచ్చొచ్చు, నాకు అదే నచ్చింది.

మూడోది 'జూర్ ద ఫెత్', అంటే తిరునాళ్ల రోజు. ఇందులో యూలో లేడు, తాతే సైకిలు మీద తిరిగే పల్లెటూరి పోస్టుమాన్. అమెరికా తపాలా ఎంత వేగమో ఒక డాక్యుమెంటరీలో చూసి, తనూ అంతే వేగంగా బట్వాడా చేస్తానని బయల్దేరతాడు. వెళ్తున్న లారీ వెనక తలుపుని బల్ల చేసుకుని, సైకిలు తొక్కుతూనే ముద్రలు కొడతాడు. ఈ డిస్కులో మూడు రూపాలున్నాయి. నాలాంటివాడికి సినిమా కంటే ఆ కథే ఎక్కువ రుచి. 1947లో తీసేటప్పుడు థామ్సన్ కలర్ అనే కొత్త రంగుల పద్ధతిలో ఒక కెమెరా, ఎందుకైనా మంచిదని నలుపుతెలుపు కెమెరా ఒకటి పక్కపక్కన పెట్టారు. తీరా ఆ రంగు ఫిలింని ప్రింటు తియ్యడం ఎవరి చేతా కాలేదు. 1949లో నలుపుతెలుపే విడుదలయింది. 1964లో తాతి అక్కడక్కడా రంగులద్ది, ఊరికొచ్చిన చిత్రకారుడు అంటూ ఒక కొత్త పాత్రని కూడా ఇరికించాడు. చివరికి ఆయన పోయిన పదమూడేళ్లకి, 1995లో, కూతురు సోఫీ తాతిషెఫ్ పూనుకుంటే అసలు రంగుల్లో బయటికొచ్చింది. ముందే చెప్పి కూర్చోబెట్టండి, అవి మన కళ్లకలవాటైన రంగులు కావు. నీలాకాశం కింద పాత చీర ఆరేసినట్టుంటాయి. చాలాసార్లు ఉతికి వెలిసిన చీర. నేను 1949ది ఒకసారి, 1995ది ఒకసారి చూశాను. 1964ది పావుగంట చూసి ఆపాను.

ఇప్పుడు ప్లేటైమ్. 1967 డిసెంబరులో వచ్చింది. ప్యారిస్ శివార్లలో గాజు మేడలతో ఒక ఊరే కట్టించాడు, దానికి జనం తాతివిల్ అని పేరు పెట్టారు. 70 ఎంఎం ఫిలిం మీద మూడేళ్లు సాగింది. అప్పులు మీదపడి, తన పాత సినిమాల హక్కులు కూడా చేజారిపోయాయి. సెట్టు కూలగొట్టేశారు. మన పరిశ్రమలోనూ ఇలా మునిగినవాళ్లని ఎరుగుదుం కాబట్టి ఇంతకంటే చెప్పను.

దీన్ని ఒక్క రాత్రిలో చూడకండి. పగటి భాగం ఒక రోజు. ఆఫీసులు, పొడుగాటి వరండా, ఆ చివర్నుంచి టక్ టక్ మని నడిచొచ్చే ఉద్యోగి. ఎంత నడిచినా రాడు, యూలో లేచి నిలబడబోతే కాపలా ముసలాయన ఇంకా టైముంది కూర్చోమంటాడు. అక్కడ ఆపి పడుకోండి. రాయల్ గార్డెన్ అనే హోటలు ప్రారంభోత్సవం రెండో రోజుకి పెట్టుకోండి. పెయింటు ఆరకుండానే తెరిచిన హోటలు, ముప్పావుగంట పైన నడుస్తుంది. తెర నిండా మనుషులే. ఎక్కడ చూడాలో తెలియక మొదటిసారి మాకు నిద్రొచ్చింది ఇక్కడికి రాకముందే అనుకోండి, వచ్చినా పడుకునేవాళ్లమే.

రెండోసారి ఒక ఉపాయం చేశాను. పంపకాలు పెట్టాను. మా అత్తగారికి గుమ్మం దగ్గర తలుపు తీసేవాణ్ణి ఇచ్చాను. మనవడికి ప్యాంటు చిరిగిన సర్వర్ని. మా ఆవిడకి కుర్చీలు. నేను చేప తీసుకున్నాను. ఎవరికిచ్చింది వాళ్లు వదలకుండా చూడాలి, ఏదైనా జరిగితే అరవాలి. చేప సంగతి ఇది. ఒక బల్ల పక్కన పళ్లెంలో పెద్ద చేప పెడతారు. ఒక సర్వరు వచ్చి ఉప్పూ మిరియాలూ చల్లి పోతాడు. ఇంకొకడు వచ్చి మళ్లీ చల్లుతాడు. తర్వాత ఇంకొకడు. తినాల్సినవాళ్లు లేచి వేరే బల్లకి పోయినా చేపకి ఉప్పు పడుతూనే ఉంటుంది. పెళ్లి బంతిలో మొదటి వరసకి నాలుగుసార్లు నెయ్యి వేసి చివరి వరస మర్చిపోయే వడ్డన నాకు గుర్తొచ్చింది. నేను అరుస్తుండగానే మా అత్తగారు అరిచింది, గాజు తలుపు భళ్లున పగిలింది. ఆవిడ మనిషి మాత్రం చలించలేదు. మిగిలిన పిడి ఒక్కటే గాల్లో పట్టుకుని, లేని తలుపు తీస్తూ మూస్తూ వచ్చినవాళ్లకి వంగి దండం పెడుతున్నాడు. మా ఆవిడకి కుర్చీలు ఫలించడానికి కొంచెం టైము పట్టింది. వాటి వెనక కిరీటం గుర్తుంటుంది. కూర్చుని లేచిన ప్రతివాడి వీపు మీదా అది అచ్చు పడుతుంది. ఆ రాత్రి మా ఇంట్లో సినిమా రెండుసార్లు ఆపి వెనక్కి తిప్పాల్సొచ్చింది, ఎవరిది వాళ్లు చూస్తూ పక్కవాళ్లది తప్పిపోయామని పేచీ.

'ట్రాఫిక్' 1971లోది. ప్యారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనకి ఒక క్యాంపింగ్ బండిని తీసుకెళ్లడం, ప్రదర్శన ముగిసేదాకా అది చేరకపోవడం. సిగ్నలు దగ్గర ఆగిన కార్లలో ముక్కులో వేలు పెట్టుకునేవాళ్ల వరస ఒకటుంది, అదొక్కటి చాలు. 'పరాద్' 1974లో స్వీడన్ టీవీ కోసం తీసిన సర్కస్. అందులో చాలా భాగం వీడియో టేపు మీద తీసింది కాబట్టి పెద్ద టీవీలో బొమ్మ పలచగా, అంచులు చెదిరినట్టు ఉంటుంది. డిస్కు పాడైందని కంగారు పడకండి, అది టేపు గుణం. ఆ చెదురు చూస్తే నాకు మా షాపు గుర్తొస్తుంది, కాబట్టి నా తీర్పు లెక్కలోకి తీసుకోవద్దు.

చిన్న సినిమాల డిస్కుని అడుగున పడెయ్యకండి. 1967 నాటి 'కూర్ ద్యు స్వార్' అరగంటలోపు ఉంటుంది, ప్లేటైమ్ సెట్టులోనే తీశారు. తాతి మేష్టారై ఒక క్లాసుకి పాఠం చెప్తాడు. సిగరెట్టు ఎవరెవరు ఎలా కాలుస్తారు, మెట్టు తగిలి ఎలా తూలాలి. పెద్దమనుషులు వరసగా వచ్చి తూలలేక నానా అవస్థా పడతారు. మా మనవడు మా ఇంటి గుమ్మం దగ్గర ఇంకా సాధన చేస్తున్నాడు.

డిస్కుల జాగ్రత్త రెండు ముక్కల్లో. కళ్లజోడు గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి రుద్దితే పడే గీత చదవడానికి అడ్డొస్తుంది. మా వైపు వానాకాలం చెమ్మకి క్యాసెట్లే బూజు పట్టేవి, డబ్బాలో పుస్తకం కూడా ఉంది కాబట్టి చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు పడెయ్యండి. అరువిచ్చేటప్పుడు డబ్బా ఇవ్వకండి, ఒక్క డిస్కు ఖాళీ కవరులో పెట్టి ఇవ్వండి. నేను పాత షాపు రిజిస్టరు బయటికి తీశాను. అందులో ఇప్పుడు సెలవుల సినిమా పక్కింటి లెక్కల మాస్టారి పేరు మీద ఉంది. మూడు వారాలైంది. ప్లేయరు కూడా ఆయన దగ్గరే ఉంది.